అప్‌డేట్: నేను బిగిస్తున్నది అసలు ఆ కండరమే కాదు

కాన్పు అయ్యాక గ్యాస్ ఆపుకోలేకపోతున్నానని, 2 నెలలుగా కెగెల్ (కటి అడుగు కండరాలు బిగించి వదిలే వ్యాయామం) చేస్తున్నా మార్పు లేదని ఇక్కడ అడిగాను కదా. ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోమన్న వాళ్లందరికీ థాంక్స్, వెళ్లొచ్చాను.

ఆవిడ ముందు నన్ను బిగించమన్నారు. చూసి నవ్వేశారు. నేను ఊపిరి బిగబట్టి పిరుదులు గట్టిగా నొక్కుతున్నానట! కటి అడుగు కండరాలు మాత్రం కదలనే లేదు.

మలద్వారం చుట్టూ రెండు కండరాల వలయాలుంటాయట. లోపలిది మన మాట వినదు, నిద్రలో కూడా దానంతటదే మూసి ఉంచుతుంది. బయటిది మన చేతిలో ఉంటుంది కానీ, గట్టిగా బిగిస్తే నిమిషంలోపే అలసిపోతుంది. వీటికి తోడు ప్యూబోరెక్టాలిస్ అని ఇంకో కండరం. ఆవిడ తన దుపట్టాని వెనక నుంచి ముందుకు లాగి చూపించారు: ముందున్న జఘనాస్థి నుంచి బయల్దేరి, పురీషనాళం (మలద్వారానికి పైనుండే పేగు చివరి భాగం) వెనకగా ఉయ్యాలలా చుట్టి, మళ్లీ ముందుకే వస్తుంది. అది లాగి పట్టుకుంటే పేగు అక్కడ వంగి ఉంటుంది, వదిలితే తిన్నగా అవుతుంది. గొంతుక్కూర్చుంటే విరేచనం సులువుగా అయ్యేది అందుకేనట.

ఇప్పుడు గ్యాస్ ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగుతున్నాను, ఊపిరి మాత్రం వదులుతూ. 5 సెకన్లకే పట్టు జారిపోతోంది. మళ్లీ 3 వారాలకి రమ్మన్నారు.