గన్నారెడ్డి అన్నది ‘ఆడ’నా, ‘ఆడా’నా?

కాజీపేట జంక్షన్: రుద్రమదేవి సినిమాల (2015) గోన గన్నారెడ్డి డైలాగు పొద్దటిసంది నోట్లె తిరుగుతున్నది. గమ్మునుండవోయ్, నేను తెలుగు భాష లెక్క... తర్వాత ‘ఆడ ఉంటా ఈడ ఉంటా’నా, ‘ఆడా ఉంటా ఈడా ఉంటా’నా? అల్లు అర్జున్ దీర్ఘం తీసిండా లేదా?

సుబేదారి పాత బ్యాచ్: దీర్ఘమే అన్నా. అది లేకుంటె మాట సప్పగైతది. 2014ల రాష్ట్రం రెండైంది, సినిమా రెండు దిక్కులా ఆడాలె గదా, గందుకే ఆడా ఈడా.

పద్యాల పిచ్చోడు: నేనైతె హ్రస్వమే అంట. కథేంది? బిడ్డను రుద్రదేవుడని మగపిలగాని లెక్క పెంచుడు. గసొంటి కథల ‘ఆడ’ అన్న మాట ఊకెనే పడ్తదా? శ్లేష!

సుబేదారి పాత బ్యాచ్: శ్లేష లేదు పాడు లేదు తమ్మీ. హన్మకొండ బస్టాండ్ల ‘బస్సు ఆడ ఆగుతది’ అంటె అది గూడ శ్లేషేనా 😀

గద్వాల కోడలు: ‘గమ్మున’ సంగతి ఎవ్వరు ఎత్తరేంది? నేను పుట్టింది వరంగల్లనే, మా ఇంట్ల ‘సప్పుడు చెయ్యకు’, ‘ఊకో’ తప్ప గమ్మున ఇనలే, అత్తగారింటికి పోయినంకనే ఇన్న. గన్నారెడ్డిది వర్ధమానపురం, మా పాలమూరు దిక్కు, రాయచూరు కోట శాసనంల (1294) ఆయన పేరున్నది. ఓరుగల్లు యాస ఆయనకెందుకు?

రిటైర్డ్ తెలుగు సార్: అమ్మా, ‘లెక్క’, ‘గమ్మున’ రెండూ ఇప్పటి మాటలే. రుద్రమ కాలపు నుడి కావాల్నంటె మన పాలకుర్తి సోమన దగ్గరికి పోవాలె. బసవపురాణంల బెజ్జ మహాదేవి శివునికి తల్లి లేదని ఏడుస్తది సూడుండ్రి, ‘తల్లి గల్గిన నేల తల జడల్ గట్టు’ అని. తల్లుంటె తలకు నూనె వెట్టి దువ్వకపోయేదా అన్నట్టు! శివుణ్ణి సంటిపిలగాణ్ణి చేసి నీళ్లు వోసి పాలు తాపుతది. గా ద్విపద ముందు ఏ సినిమా డైలాగు నిలుస్తది?

పద్యాల పిచ్చోడు: అదే జాను తెనుగు సార్. జాను అంటె జనం మాట్లాడేది.

రిటైర్డ్ తెలుగు సార్: కాదు నాయనా, కన్నడంల జాణ్ణుడి ఉన్నది, సొగసైన మాట అని. నన్నెచోడుడు గూడ జాను తెనుగన్నడు, ఆయనది జనం మాటల కావ్యమా?

సుబేదారి పాత బ్యాచ్: సార్, నన్నెచోడుని కాలం మొదలువెడితె రేపటిదాంక ఒడువదు, దండం వెడుత.

కాజీపేట జంక్షన్: మరి నా దీర్ఘం?

పద్యాల పిచ్చోడు: హ్రస్వం.