ఈ వారం సమస్య (పద్యం పూరించడానికి ఇచ్చిన చివరి పాదం): నిదురపుచ్చె నమ్మ నిసుగు జోల

అమలాపురం మాస్టారు: మిత్రులారా, రాత్రి కరెంటు పోయింది. మా అమ్మాయి దోమతెరలో పిల్లకి విసనకర్రతో విసురుతూ పాడుతోంది. కాసేపటికి పాట ఆగింది, విసనకర్ర కింద పడింది, పిల్ల మాత్రం కళ్ళు విప్పుకుని ‘ఊఁ ఊఁ’ అంటోంది. అప్పుడు తట్టింది ఈ పాదం. ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే (మూడు మాత్రల చిన్న గణాలు). పై మూడూ మీవి.

ముమ్మిడివరం కోడలు: దాళ్వా (రెండో పంట) నాట్ల రోజులు గుర్తొచ్చి రాశానండి.

నాటు వేసి వచ్చి నడుము వాల్చిన తల్లి
పక్క పాట రాని పాప చేరి
తప్పు పదములెల్ల దట్టుచు బాడగా
నిదురపుచ్చె నమ్మ నిసుగు జోల

మాస్టారు: మొదటి పాదం చదవగానే నా నడుము కూడా పట్టేసిందమ్మా. మూడో పాదంలో ‘ఎల్ల’ మాత్రం గణం కోసం వచ్చి కూర్చుంది. ‘తప్పు పదములల్లి తట్టుచు బాడగా’ అంటే పిల్లకి పనీ దొరుకుతుంది, పద్యానికి అర్థమూ దొరుకుతుంది.

రావులపాలెం ఛందస్సు: నాదో అభ్యంతరం. నిసుగు అంటే పసిగుడ్డు. పదాలల్లే పిల్ల నిసుగెలా అవుతుంది? ఇక్కడ సమస్య తీరలేదు, తప్పించుకున్నారు.

కోడలు: అయ్యో, నిజమే! మా మూడేళ్ళదాన్ని తెచ్చి పెట్టేశాను.

మాస్టారు: ఆ ముడి కావాలనే వేశాను. మాట రాని గుడ్డు పాడే జోల ఏమిటన్నదే ప్రశ్న.

ఏటిగట్టు వాసి: అయితే నాది చూడండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మగాళ్ళంతా గట్టు మీద ఇసుక బస్తాలతో ఉన్నాం. ఇంట్లో మా ఆవిడ, రెండు నెలల బాబు.

గట్టు నొరయు నీరు. గంట గంటకు లేచి
చూచి చూచి యలసి సోలె దల్లి;
ఉంగ యనెడి యూపిరొక్కటే వినిపించె;
నిదురపుచ్చె నమ్మ నిసుగు జోల

ఛందస్సు: చూ–సో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) చక్కగా కుదిరింది. కానీ రెండో పాదంలోనే సోలిపోయిన తల్లిని నాలుగో పాదంలో మళ్ళీ నిద్రపుచ్చడం పునరుక్తి కాదా?

కోడలు: సోలడం వేరు, నిద్ర వేరు అన్నయ్యగారూ. చంటిపిల్లని పెంచినవాళ్ళని ఎవరినైనా అడగండి. కూర్చున్నచోటే సోలతాం, చెవి మాత్రం ఉయ్యాల దగ్గరే ఉంటుంది.

ఛందస్సు: ఒప్పుకున్నాను. మా ఇంట్లో కూడా ఇదే జవాబు వచ్చింది, కొంచెం గట్టిగా.

మాస్టారు: ఊపిరినే జోల చేశారు, నిసుగు ముడి విడిపోయింది. ఇంతకు మించి నేను చెప్పేది లేదు.

దోహా నాన్న: కొత్తవాణ్ణండి, తప్పులుంటే దిద్దండి. ‘అమ్మన్, నిసుగున్’ ఇద్దర్నీ జోల నిద్రపుచ్చిందని విరిచాను.

గల్ఫు నున్న తండ్రి గళమెత్తి పాడగా
ఫోను దిండు చెంత బొదిగి యుండ,
పాట ముగిసె నవల బలుకు లేదొకటైన
నిదురపుచ్చె నమ్మ నిసుగు జోల

ఛందస్సు: ఆ విరుపు నాకు తట్టనే లేదు! ద్రుతాలు, అంటే చివరి ‘న్’లు, రెండూ లోపించి ఎంత అమాయకంగా కూర్చున్నాయో.

మాస్టారు: నాయనా, గళమెత్తి పాడితే పిల్ల లేచి కూర్చుంటుంది, వీధిలో కుక్కలు కూడా. ‘గళము మెల్లగ విప్ప’ అను. నగము, సలము అనే రెండు గణాలూ సరిపోతాయి. మూడో పాదం జోలికి మాత్రం వెళ్ళకు.

కోడలు: ‘అవల బలుకు లేదొకటైన’ దగ్గర ఆగిపోయాను తమ్ముడూ.

దోహా నాన్న: సవరణ తీసుకున్నాను మాస్టారూ. ఇక్కడ ఏడు, అక్కడ తొమ్మిదిన్నర. ఇప్పుడే పాడాను. కాల్ కట్ చెయ్యలేదు, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.