అక్క ఆధార్‌తో ఫ్యాక్టరీకి వెళ్తున్న 16 ఏళ్ల పిల్ల: ఏం చేయాలి?

అడిగినవారు: నెల్లూరు అన్న

మా పిన్ని చిన్న కూతురికి 16. టెన్త్‌తో చదువు ఆపేసింది. ఊళ్లోకి వచ్చిన కాంట్రాక్టర్ మనిషి "వయసు చాలదు, పెద్దమ్మాయి ఆధార్ ఇవ్వండి" అన్నాడట. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే పోలిక. ఇప్పుడు ఫోన్ ఛార్జర్లు చేసే ఫ్యాక్టరీలో ఐదు నెలలుగా చేస్తోంది. 12 గంటల షిఫ్ట్, వారం పగలు, వారం రాత్రి. హాస్టల్, బస్సు ఖర్చులు పట్టుకుని చేతికి 9 వేలు ఇస్తున్నారు.

సంక్రాంతికి ఇంటికొచ్చింది. పిన్ని వంటింట్లోంచి పెద్దదాన్ని పేరు పెట్టి పిలిస్తే ఇది "ఎస్ మేడమ్" అంటూ లేచి నిలబడింది. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. కంప్లైంట్ ఇస్తే పిన్ని మీదే కేసు పెడతారేమోనని టెన్షన్.

జవాబు: లైన్‌లో మూడేళ్లు

అన్నా, ముందు పిల్లను ఇంటికి తెచ్చుకోండి. నేను అలాంటి లైన్‌లోనే చేశాను. నా పక్క సీటు పిల్ల కూడా వేరే పేరుతోనే వచ్చింది. ఒక నైట్ షిఫ్ట్‌లో వేలు ప్రెస్ కింద పడింది. ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్తే కార్డు చూస్తారని ప్రైవేటు క్లినిక్‌లో నాలుగు కుట్లు వేయించి, తెల్లారేలోపు ఊరి బస్సెక్కించారు. తన టిఫిన్ బాక్సు నా దగ్గరే ఉండిపోయింది. తిరిగిద్దామంటే తన అసలు పేరు కూడా నాకు తెలియదు.

ఇంకో సంగతి. పీఎఫ్ కట్టి ఉంటే అది అక్క పేరు మీదే పడుతుంది. రేపు ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పుడు ఈ ఐదు నెలల గురించి అడుగుతారు.

జవాబు: వకీలు గుమాస్తా

ఈ దొంగ వయసు కాగితాల పద్ధతి మన దగ్గరే మొదలవలేదు. యాపిల్‌కు సరుకిచ్చే చైనా ఫ్యాక్టరీ ఒకదాంట్లో 16 ఏళ్లు నిండని పిల్లల కేసులు 74 బయటపడ్డాయని యాపిల్ కంపెనీయే 2013లో తన రిపోర్టులో రాసింది. కూలీలను తెచ్చే ఏజెన్సీ ఇంటివాళ్లతో కలిసి వయసు కాగితాలు తయారు చేయించింది. కాగితాలు సరిగా ఉన్నాయని అందరూ తప్పుకునేది ఇలాగే.

16 ఏళ్ల పిల్లకు రాత్రి 7 దాటాక పని చెప్పకూడదని బాల కార్మికుల చట్టంలోనే ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ చట్టం కింద మొదటిసారి తల్లిదండ్రులకు శిక్ష లేదు. ఆధార్ విషయం వేరు, దాని గురించి ముందే వకీలుతో మాట్లాడండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, పిల్లలకు ఉచితంగా వకీలును ఇస్తారు. రావాల్సిన జీతం కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఫ్యాక్టరీయే కట్టాలి. పే స్లిప్పులు పారేయొద్దు.

నెల్లూరు అన్న

రాత్రి పిన్నితో మాట్లాడాను, చాలాసేపు ఏడ్చింది. ఆదివారం దానికి వీక్లీ ఆఫ్. టెన్త్ మెమో తీసుకుని హాస్టల్‌కి నేనే వెళ్తున్నాను. గేటు దగ్గర దాని సొంత పేరే చెప్పి పిలిపిస్తాను.