"ద్వీపాంతరవాసం" ఆస్ట్రేలియాకు చెల్లుతుందా?

ఆస్ట్రేలియా ఖండం కదా, బ్రిటన్ నుంచి నేరస్థులను అక్కడికి పంపిన శిక్షను ద్వీపాంతరవాసం అనవచ్చునా అని ఒక మిత్రులు అడిగారు. నిస్సందేహంగా అనవచ్చు. మనం సంకల్పంలో చెప్పుకొనే జంబూద్వీపం చిన్న లంక కాదు, భరతవర్షాన్ని తనలో ఇముడ్చుకున్న మహాభూభాగం. పైగా 1955 నాటి సవరణ వరకు మన శిక్షాస్మృతిలో ఉన్న ద్వీపాంతరవాసానికీ, 1788 నుంచి 1868 వరకు సుమారు 1,62,000 మందిని ఆస్ట్రేలియాకు చేర్చిన శిక్షకూ ఆంగ్లంలో పేరు ఒక్కటే, "ట్రాన్స్‌పోర్టేషన్".

నాకు అభ్యంతరమల్లా అలా వెళ్లినవారిని "ఖైదీలు" అనడం మీదే. ఆ మాట వినగానే మనకు ఊచలే గుర్తుకు వస్తాయి. బ్రిస్టల్ వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ గ్రీన్‌వే సంగతి చూడండి. ఫోర్జరీ నేరానికి 1812లో పడిన ఉరిశిక్షను 14 ఏళ్ల ద్వీపాంతరవాసంగా తగ్గించగా, అతడు 1814లో సిడ్నీ చేరాడు. కొద్ది నెలలకే భార్యాబిడ్డలూ వచ్చి కలిశారు. శిక్షాకాలం ఇంకా నడుస్తుండగానే, 1816లో, గవర్నర్ మాక్వారీ అతణ్ణి రోజుకు మూడు షిల్లింగుల జీతంతో ప్రభుత్వ వాస్తుశిల్పిగా నియమించాడు. అంతవరకు సిడ్నీలో ప్రభుత్వ పని చేసే శిక్షితులలో చాలామంది తమ బస తామే చూసుకొని, మధ్యాహ్నం పని ముగిశాక కూలికి వెళ్లి అద్దె కట్టుకొనేవారు. వారిని రాత్రిపూట ఒకచోట ఉంచడానికి కట్టిన హైడ్‌పార్క్ బారక్స్‌కు రూపకల్పన చేసినవాడు గ్రీన్‌వేయే. 1819లో అది తెరిచాక అక్కడ వందలాది మంది వరుసగా కట్టిన గుడ్డ ఊయలలలో పడుకొనేవారు. ఊచలు లేకపోయినా అది స్వేచ్ఛ కాదు, కొరడా దెబ్బలూ, గొలుసులు వేసి పని చేయించడమూ ఉండనే ఉన్నాయి. అందుకే "శిక్షితుడు" అన్న మాట నాకు సరిగా తోస్తుంది.

ఇక శిక్షితులకు ఇచ్చే "టికెట్ ఆఫ్ లీవ్"ను సెలవు చీటీ అని రాయడం పొరపాటు. అది ఉన్నవాడు నిర్ణీత జిల్లాలో తన కోసం తాను పని చేసుకోవచ్చు. తప్పు చేస్తే దాన్ని రద్దు చేసేవారు. కాబట్టి "అనుమతి పత్రం" అనాలి. క్షమాభిక్ష దీనికి భిన్నమైనది. గ్రీన్‌వేకు 1817లో దక్కినది షరతులతో కూడినది, 1819లో దక్కినది సంపూర్ణమైనది. సంపూర్ణ క్షమాభిక్ష పొందినవాడే గడువు తీరకముందు బ్రిటన్‌కు తిరిగి వెళ్లగలడు గనుక, అనువాదంలో ఆ విశేషణాలను విడిచిపెట్టకూడదు.