యూత్ సెషన్ ప్లానింగ్: హిప్‌హాప్ గ్రూపులు పేరొచ్చాక అమ్ముడుపోతాయా?

సెషన్ కోఆర్డినేటర్:

అందరికీ నమస్కారం. పోయిన కాల్‌లో అనుకున్నట్టే వార్షికోత్సవం రెండో రోజు మధ్యాహ్నం యూత్ సెషన్‌కి 50 నిమిషాలు ఇచ్చారు. టాపిక్ పిల్లలే ఓటేసి ఎంచుకున్నారు, హిప్‌హాప్ గ్రూపులు డబ్బూ పేరూ వచ్చాక అమ్ముడుపోతాయా లేదా అని. ఇది మన సంఘం స్టేజి మీద ఎందుకు అని కమిటీలో కొంతమందికి అనిపించిందని తెలుసు, కానీ పిల్లలు రోజంతా చెవుల్లో పెట్టుకుని వినేది ఇదే, వాళ్ళతో కూర్చుని వాళ్ళకి ఇష్టమైన దాని గురించి సీరియస్‌గా మాట్లాడే అవకాశం మనకి ఏడాదికి ఒక్కసారి వస్తుంది, దాన్ని క్విజ్ పెట్టి సరిపెట్టేయడం నాకు ఇష్టం లేదు.

తెలుగులో మనకి ఒక మంచి సౌకర్యం ఉంది. రికార్డు అమ్ముడుపోయింది అంటే మెచ్చుకోవడం, మనిషి అమ్ముడుపోయాడు అంటే తిట్టడం, మాట మాత్రం ఒక్కటే. సెషన్ ఇక్కణ్ణించే మొదలుపెడదాం అనుకుంటున్నా, ఎందుకంటే ఈ గొడవంతా ఈ రెండు అర్థాలూ కలిపేయడం వల్లే వస్తోంది.

మొదటి పది నిమిషాలు న్యూయార్క్‌లోని బ్రాంక్స్. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబర్ బిల్డింగ్‌లో డీజే కూల్ హెర్క్ పార్టీ చేశాడు, హిప్‌హాప్ పుట్టినరోజు అని అందరూ చెప్పేది దాన్నే. ఆ పార్టీ పెట్టింది వాళ్ళ చెల్లెలు సిండీ కాంప్‌బెల్, స్కూళ్ళు తెరిచే లోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని. ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు టికెట్. అంటే మొదటి రోజునే గుమ్మం దగ్గర డబ్బు వసూలు చేశారు! అసలైన హిప్‌హాప్‌లో డబ్బు ఊసే లేదు, తర్వాతే కంపెనీలు వచ్చి పాడుచేశాయి అనే కథ పిల్లలు చాలామంది నమ్ముతారు, అది ముందే పక్కన పెట్టించాలి. లేకపోతే చర్చ మొత్తం డబ్బు మంచిదా చెడ్డదా అనే దగ్గరే ఆగిపోతుంది.

మీ మీ అభిప్రాయాలు ఇక్కడే రాయండి, ప్రైవేటుగా నాకొక్కడికే పంపితే మిగతావాళ్ళకి తెలియదు.

సౌండ్ చూసే వాలంటీర్:

అన్నా, పాయింట్ బాగుంది కానీ నాకు ఇందులో డౌటే లేదు, బ్లాక్ ఐడ్ పీస్ ఒక్కళ్ళు చాలు. 1998లో మొదటి ఆల్బమ్, 2000లో రెండోది, లైవ్ బ్యాండ్‌తో బ్రేక్ డాన్స్‌తో ఎంత బావుండేవాళ్ళు, 2003లో ఫెర్గీ అనే పాప్ సింగర్ వచ్చింది, 2009 కల్లా పూర్తిగా క్లబ్ పాటలు. నేను ఆ మొదటి రెండు ఆల్బమ్‌లూ కాలేజీలో అరిగిపోయేదాకా విన్నాను, ఆ తర్వాత వచ్చినవి వింటే సొంత మనిషి ఎవరో మనల్ని గుర్తుపట్టనట్టు వెళ్ళిపోయిన ఫీలింగ్. ఇంకా చర్చ దేనికి?

స్పీకర్లు రెండు చాలు, హాలు చిన్నదే. వైర్‌లెస్ మైకులు మూడు అడిగాను.

సెషన్ కోఆర్డినేటర్:

తమ్ముడూ, ఆ బాధ నాకూ తెలుసు, కొట్టిపారేయను. 2009లో వాళ్ళవి రెండు పాటలు ఒకదాని వెనక ఒకటి వరసగా 26 వారాలు అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్‌గా ఉన్నాయి, ఆ రెండు పాటల్లోనూ పార్టీ తప్ప ఇంకేం లేదు. కానీ మధ్యలో 2003 ఉంది చూడు. ఫెర్గీ వచ్చిన ఆ ఆల్బమ్‌లోనే వేర్ ఈజ్ ద లవ్ అనే పాట ఉంది, ఇరాక్ యుద్ధం మొదలైన ఏడాది, రేడియోలో అంతా జాగ్రత్తగా మాట్లాడుతున్న టైంలో సొంత దేశంలో ద్వేషం గురించీ సీఐఏ గురించీ పేరు పెట్టి పాడారు, ప్రపంచమంతా హిట్ అయింది. అంటే పాప్ అయిన రోజున వాళ్ళు చెప్పేది ఏమీ తగ్గలేదు, నిజానికి పెరిగింది. తగ్గింది ఆరేళ్ళ తర్వాత. కాబట్టి హిట్టే పాడుచేసింది అనడానికి లేదు, హిట్ తర్వాత వాళ్ళు తీసుకున్న నిర్ణయాలు చూడాలి. నేను కూడా చివరికి నీ మాటే అంటానేమో, కానీ కారణం మాత్రం వేరే చెప్తా.

నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఉదాహరణ ఈపీఎండీ. ఎరిక్, పారిష్, ఇద్దరూ. ఆ పేరుకి అర్థమే ఎరిక్ అండ్ పారిష్ మేకింగ్ డాలర్స్, ఆల్బమ్ పేర్లన్నిట్లోనూ బిజినెస్ అనే మాట ఉంటుంది, అంటే మేం డబ్బు కోసమే వచ్చాం అని బోర్డు పెట్టుకుని మరీ వచ్చినవాళ్ళు. వాళ్ళే 1992లో క్రాస్‌ఓవర్ అనే పాట చేశారు, రేడియో కోసం ర్యాప్ వదిలేసి పాప్ వైపు వెళ్ళేవాళ్ళని తిడుతూ. ఆ తిట్టిన పాటే వాళ్ళ పాటలన్నిటిలోకీ చార్టులో పైకెక్కింది. దీన్ని చాలామంది ఎగతాళిగా చెప్తారు కానీ నాకు అందులో తప్పేం కనిపించదు. డాలర్లు కావాలి అన్నారు, వచ్చాయి. పాట మార్చం అన్నారు, మార్చలేదు. ఆ పాట దానికదే జనం దగ్గరికి వెళ్ళింది, జనం కోసం దాన్ని వంచలేదు. ఈ తేడా పిల్లలకి అర్థమైతే మన 50 నిమిషాలూ సార్థకం.

పిల్లల కార్యక్రమాలు చూసే అక్క:

నాకు ఈ సంగీతం అంతగా తెలియదు, మా అబ్బాయి వల్ల కొంచెం కొంచెం. రెండు విషయాలు. ఒకటి, పాటలు ప్లే చేస్తే బూతులు తీసేసిన రేడియో ఎడిట్లు మాత్రమే, ముందు వరసలో పదేళ్ళ పిల్లలుంటారు, ఇందులో మాత్రం నేను తగ్గను. రెండు, నిన్న మా అబ్బాయి, రన్ డీఎంసీ అనే ర్యాప్ గ్రూపు షూ కంపెనీతో కాంట్రాక్ట్ చేసుకున్నారు కాబట్టి వాళ్ళే మొదటి అమ్ముడుపోయినవాళ్ళు అని వాదించాడు. నాకు జవాబు తోచలేదు. దీనికేమంటారు?

సెషన్ కోఆర్డినేటర్:

అక్కా, రేడియో ఎడిట్లే, మాట ఇస్తున్నా. మీ అబ్బాయిని ప్యానెల్‌లో కూర్చోబెడదాం, నిజంగా అంటున్నా, ఇలా తెగించి వాదించేవాళ్ళే కావాలి.

రన్ డీఎంసీ సంగతి. వాళ్ళు ఆడిడాస్ బూట్లు లేసులు లేకుండా వేసుకుని తిరిగేది కంపెనీ చెప్పినందుకు కాదు, వాళ్ళ వీధుల్లో అందరూ అలాగే వేసుకునేవాళ్ళు. వాటి మీద పాట కూడా ముందే రాశారు. 1986లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలో ఆ పాటకి జనాన్ని బూట్లు పైకెత్తమంటే వేలమంది ఎత్తారు, కంపెనీ మనిషి అది కళ్ళారా చూశాకే కాంట్రాక్ట్ వచ్చింది. డబ్బు వాళ్ళ వెనకాల వచ్చింది. కానీ అదే ఏడాది ఏరోస్మిత్ బ్యాండ్ పాత రాక్ పాట వాక్ దిస్ వేని వాళ్ళతో కలిసి మళ్ళీ చేశారు కదా, అది ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ ఆలోచన, గ్రూపులో పాడే రన్‌కీ డీఎంసీకీ ఆ పాట మాటలు పాడటం మొదట్లో అస్సలు ఇష్టం లేదు. అది హాట్ 100లో 4వ స్థానం దాకా వెళ్ళింది, ర్యాప్ అంటే తెలియని ఇళ్ళల్లోకి వెళ్ళింది. మీ అబ్బాయిని ఇది అడగండి: వాళ్ళకి నచ్చిన బూట్లకి డబ్బు తీసుకోవడం అమ్ముడుపోవడమా, నచ్చని పాటని వేరేవాళ్ళు చెప్పినందుకు పాడటం అమ్ముడుపోవడమా? అందరూ బూట్లనే పట్టుకుంటారు, నాకైతే ఆ పాట గురించే ఎక్కువ ఆలోచించాలనిపిస్తుంది. అదీ చివరికి మంచి పాటే అయింది అనుకోండి, అందుకే ఇది తేలిగ్గా తేలే సంగతి కాదు.

ఏం అమ్ముతున్నాం అనేది కూడా చూడాలి. సెయింట్ ఐడ్స్ అని ఒక ఘాటు బీరు, తొంభైల్లో ర్యాపర్లతో వరసగా యాడ్లు చేయించింది, పెద్ద పెద్దవాళ్ళే చేశారు. పబ్లిక్ ఎనిమీ గ్రూపు ర్యాపర్ చక్ డీ గొంతుని అడగకుండా ఆ యాడ్‌లో వాడేసరికి 1991లో ఆయన కేసు వేశాడు. అదే ఏడాది వాళ్ళ ఆల్బమ్‌లో, నల్లవాళ్ళ పేటల్లో ఈ బీర్లు పారిస్తున్నారని ఏకంగా ఒక పాటే పెట్టారు. అప్పటికి పబ్లిక్ ఎనిమీ చిన్న గ్రూపేం కాదు, లక్షల్లో అమ్ముడవుతున్న గ్రూపు, పెద్ద కంపెనీ ద్వారానే రికార్డులు బయటికొచ్చేవి. అంత అమ్ముడవుతూ కూడా అమ్ముడుపోకుండా ఉండొచ్చు అని చెప్పడానికి నాకు ఇంకో పేరు అక్కర్లేదు.

ట్రెజరర్:

అందరికీ నమస్తే. పాటల గురించి మీరు చూసుకోండి, లెక్కల గురించి నాలుగు మాటలు చెప్తాను, ఎందుకంటే ఇది లేకుండా పిల్లలకి సగమే చెప్పినట్టు అవుతుంది. కంపెనీ ఇచ్చే అడ్వాన్స్ బహుమతి కాదు, అప్పు లాంటిది. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో భాగం, ఇవన్నీ ఆర్టిస్టు రాయల్టీలోంచి కోసుకుని ఆ తర్వాతే చేతికి ఇస్తారు, పైగా మాస్టర్ రికార్డింగ్, అంటే అసలు రికార్డింగ్, మామూలుగా కంపెనీ ఆస్తిగానే ఉంటుంది. గ్రూపు అయితే వచ్చిన కాస్త కూడా ముగ్గురో నలుగురో పంచుకోవాలి, మేనేజర్ వాటా వేరే. టీఎల్‌సీ ముగ్గురమ్మాయిలు 1994 చివర్లో ఆల్బమ్ తెచ్చారు, అమెరికాలో కోటికి పైగా పోయిన ఆల్బమ్, 1995లో దివాలా పిటిషన్ వేశారు! 1996లో గ్రామీలు అందుకుని అదే రోజు ప్రెస్ ముందు మా దగ్గర డబ్బుల్లేవు అని చెప్పారు. బయట చూసేవాళ్ళు వీళ్ళు కోట్లకి అమ్ముడుపోయారు అనుకుంటారు. ఎవరు తిన్నారో లెక్క చూస్తే తెలుస్తుంది.

ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ గ్రూపు నుంచి ఐస్ క్యూబ్ 1989 చివర్లో వెళ్ళిపోయింది కూడా ఈ లెక్కల దగ్గరే. వాళ్ళ పాటల్లో చాలా మాటలు రాసినవాడు ఆయన.

సౌండ్ చూసే వాలంటీర్:

సార్ చెప్పింది నాకు నిజంగా కొత్త. టీఎల్‌సీ సంగతి తెలుసు కానీ ఇలా అనుకోలేదు. అయితే అన్నా, గ్రూపు కాబట్టి ఒత్తిడి ఎక్కువ అన్నమాట, ఒక్కడైతే వద్దు అనుకుంటే మానేస్తాడు, నలుగురున్న చోట ఒకడికి ఇంటి అద్దె కట్టాలి, ఇంకొకడికి పిల్లలు, ఒకడు వద్దంటే మిగతా ముగ్గురి కూడు పోతుంది.

సెషన్ కోఆర్డినేటర్:

అదే, సరిగ్గా అదే. ఇది నువ్వే స్టేజి మీద చెప్పు, నేను చెప్పను.

దీనికి వూ టాంగ్ క్లాన్ కనిపెట్టిన దారి చెప్పాలి. తొమ్మిది మంది. వాళ్ళ నాయకుడు రిజ్జా (RZA) లౌడ్ రికార్డ్స్‌తో ఎలా ఒప్పందం చేసుకున్నాడంటే గ్రూపు ఒక కంపెనీకి, కానీ ఒక్కొక్కడూ సోలోగా తనకి నచ్చిన వేరే కంపెనీకి వెళ్ళొచ్చు. మెథడ్ మ్యాన్ డెఫ్ జామ్‌కి, జిజ్జా (GZA) గెఫెన్‌కి, ఓల్ డర్టీ బాస్టర్డ్ ఎలెక్ట్రాకి. అప్పట్లో ఇలాంటిది ఎవరూ అడగలేదు. అడ్వాన్స్ తక్కువ తీసుకుని స్వేచ్ఛ ఎక్కువ తీసుకున్నారు. ట్రెజరర్ గారూ, ఈ ముక్క మీరు వివరిస్తే పిల్లలకి బాగా ఎక్కుతుంది.

దీనికి రెండో వైపు డి లా సోల్. 1989లో మొదటి ఆల్బమ్, రంగురంగుల పూల బొమ్మలతో, జనం వీళ్ళని హిప్పీలు అనేశారు, కంపెనీకి ఆ పూల బొమ్మ బాగా అమ్ముడవుతోంది. వాళ్ళు ఏం చేశారు? 1991లో రెండో ఆల్బమ్ అట్ట మీద పూలకుండీ పగిలి పడి ఉన్న బొమ్మ వేసి, డి లా సోల్ చచ్చిపోయింది అని పేరు పెట్టారు. తమని అమ్మిపెడుతున్న బొమ్మని తామే పగలగొట్టుకున్నారు. దానికి ధర కూడా కట్టారు, మొదటి ఆల్బమ్ అంత అది అమ్ముడవలేదు. ఇంక శాంపిళ్ళ, అంటే వేరేవాళ్ళ పాటల్లోంచి తీసి వాడుకున్న ముక్కల, హక్కుల చిక్కులూ కంపెనీతో ఒప్పందాల గొడవా కలిసి, వాళ్ళ పాత ఆల్బమ్‌లు 2023 మార్చి 3 దాకా స్ట్రీమింగ్‌లోకి రాలేదు. ముగ్గురిలో ఒకడు, ట్రుగోయ్, దానికి మూడు వారాల ముందు ఫిబ్రవరి 12న చనిపోయాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది నాకు. ఇన్నేళ్ళు ఒక తరం పిల్లలకి వాళ్ళ పాటలు ఫోన్‌లో దొరకనే లేదు, మన పిల్లల్లో చాలామంది ఆ పేరే విని ఉండరు. లొంగకపోతే ఏం పోతుందో కూడా చెప్పాలి కదా, లేకపోతే ఊరికే నీతికథ అవుతుంది.

పిల్లల కార్యక్రమాలు చూసే అక్క:

ఇది చదివాక నాకూ కూర్చుని వినాలనిపిస్తోంది. మా అబ్బాయికి చూపించాను. బూట్ల మాట వెనక్కి తీసుకోడట, కానీ ప్యానెల్‌కి ఒప్పుకున్నాడు. వాడు అడిగింది ఒక్కటే, డబ్బు వచ్చాక బాగుపడిన గ్రూపు ఏదైనా ఉందా అని.

సెషన్ కోఆర్డినేటర్:

ఉంది అక్కా, బీస్టీ బాయ్స్. వీళ్ళ కథ తిరగేసి నడిచింది. 1986లో తాగుడు, అల్లరి, ఆడవాళ్ళ మీద చవకబారు మాటలతో వచ్చి, 1987లో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో నంబర్ వన్ అయిన మొదటి ర్యాప్ ఆల్బమ్ వాళ్ళదే. ఆ తర్వాత అదే ఫార్ములా పట్టుకుని ఉంటే సరిపోయేది. పట్టుకోలేదు, 1989లో చేసిన ఆల్బమ్ మొదట్లో సరిగ్గా పోలేదు కూడా, ఇప్పుడు దాన్ని క్లాసిక్ అంటారు. 1994లో ఒక పాటలో ఆడవాళ్ళని అగౌరవపరచడం ఇక ఆగాలని పాడారు, 1996లో టిబెట్ కోసం పెద్ద కచేరీ పెట్టారు. 2012లో ముగ్గురిలో ఒకడు ఆడమ్ యావుక్ చనిపోతే, తన సంగీతాన్ని యాడ్లలో వాడొద్దని వీలునామాలో రాసి ఉంది. చేతిలో డబ్బుంది కాబట్టే వద్దు అనగలిగారు అని కూడా అనొచ్చు, మీ వాడు ఆ ప్రశ్న వేస్తే నేను సంతోషిస్తా.

రేడియో సంగతి మూడు నిమిషాల్లో చెప్పేస్తా: 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశం మొత్తం మీద ఒకే కంపెనీకి ఎన్ని స్టేషన్లు ఉండొచ్చు అనే పరిమితి ఎత్తేసింది, అప్పటిదాకా ఉన్నది 40, కొన్నేళ్ళకే క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతిలో 1,200కి పైగా ఉన్నాయి. ప్లేలిస్టులు ఒకేలా అయిపోయాయి, ఒక గ్రూపు పాట మారిందంటే అందులో దీని వాటా కూడా ఉంది. అంతకుమించి లాగను, పిల్లలు నిద్రపోతారు.

ఇప్పటికి పనులు ఇలా: తమ్ముడూ, క్లిప్పులు ఐదు, ఒక్కొక్కటి 40 సెకన్లకి మించొద్దు, బ్లాక్ ఐడ్ పీస్‌వి రెండూ పెట్టు, 2000లోదీ 2009లోదీ, ఏదీ చెప్పకుండా వరసగా వినిపిద్దాం, తేడా ఎక్కడొచ్చిందో పిల్లలే చెప్పాలి. ట్రెజరర్ గారు కాంట్రాక్ట్ లెక్క బోర్డు మీద వేస్తారు, మార్కర్లు నేను తెస్తా. అక్కా, మీ అబ్బాయి వైపు ఇంకొకళ్ళు, ఎదురు వైపు ఇద్దరు కావాలి, ఈ ఆదివారం లోపు పేర్లు పంపండి. ఇంకో విషయం కమిటీకి కూడా రాస్తున్నా: మన సెషన్ జరిగేటప్పుడు స్టేజి వెనక స్పాన్సర్ల బ్యానర్ అలాగే ఉంచండి, తీయొద్దు. పిల్లల్లో ఎవరో ఒకరు దాని వైపు వేలు చూపిస్తారు, చూపించాలి కూడా, అప్పుడు మనమూ జవాబు చెప్పాలి.