ఇస్లాం విమర్శకులను పుట్టిన మతాన్ని బట్టి విడదీయాలా?

ధర్మాబాద్ పాఠకుడు:
మా వాచనాలయంలో తెలుగు విభాగం కోసం ఒక పరిచయ పుస్తకం సిద్ధమవుతోంది. ఇస్లాంను, ముస్లిం సమాజాన్ని విమర్శించిన రచయితలు, సంస్కర్తలు ఏం అన్నారు, ఎందుకన్నారు అనేది అందులో ఉంటుంది. హిందూ విమర్శకులు, క్రైస్తవ విమర్శకులు, ముస్లింలు, మతం వదిలిన ముస్లింలు అని నాలుగు భాగాలు చేద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. నేను గట్టిగా వద్దంటున్నాను.

హమీద్ దల్వాయిని ఎక్కడ పెడతారు? కొంకణ్‌లోని ముస్లిం కుటుంబంలో పుట్టాడు. ట్రిపుల్ తలాక్ రద్దు చేయాలని 1966లో ఏడుగురు ముస్లిం స్త్రీలతో ముంబయిలో మోర్చా తీశాడు. 1970లో పుణేలో ముస్లిం సత్యశోధక్ మండల్ స్థాపించాడు. ఆ పేరు మహాత్మా ఫూలే సత్యశోధక్ సమాజ్‌ను గుర్తుచేస్తుంది. తాను చనిపోతే మత కర్మలేవీ చేయొద్దని చెప్పిన మనిషి. మూడో భాగంలో పెడితే ఆయన నాస్తికత కనిపించదు. నాలుగో భాగంలో పెడితే తన సమాజం మధ్యే నిలబడి పోరాడిన సంగతి చెరిగిపోతుంది.

అంబేద్కర్ సంగతేమిటి? 1940లో పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో ముస్లిం సమాజంలోని పరదాను, సంస్కరణ లేకపోవడాన్ని నిర్మొహమాటంగా విమర్శించారు. హిందువుగా చావనని అప్పటికే 1935లో యేవలాలో ప్రకటించారు. బౌద్ధం తీసుకున్నది 1956లో. మరి ఆ పుస్తకం ఏ మతం వాడి విమర్శ?

దెగ్లూర్ నుంచి:
అన్నా, ఈ ఇద్దరూ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు. అందరూ అలా ఉండరు. ఆర్య సమాజ్ స్థాపించిన దయానంద సరస్వతిని తీసుకో. ఆయన పుస్తకం సత్యార్థ ప్రకాశంలో పదమూడో అధ్యాయం క్రైస్తవం మీద, పద్నాలుగోది ఇస్లాం మీద. అక్కడ కొలబద్ద వేదం. అది తెలియకుండా చదివితే ఆ వాదం సగమే అర్థమవుతుంది. మన మరాఠ్వాడాలో ఆర్య సమాజ్ పలుకుబడి ఎంతో మన పెద్దలకు తెలుసు, నిజాం మీద 1938-39 సత్యాగ్రహం నడిపిందీ వాళ్లే. రచయిత ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో పాఠకుడికి చెప్పకపోవడం కూడా మోసమే.

ఇంకో మాట. సొంత మతాన్ని విమర్శించేవాడు ఇల్లు, బంధువులు, పెళ్లి సంబంధాలు అన్నీ పణంగా పెడతాడు. పక్క మతాన్ని తిట్టేవాడికి సొంతవాళ్ల చప్పట్లు దొరుకుతాయి. ఈ రెండూ ఒకటే అన్నట్టు ఒకే వరసలో పెడితే దల్వాయికే అన్యాయం.

నాందేడ్ టీచర్:
నేను ముస్లింని, తెలుగు మాట్లాడే ఇంటి కోడలిని. దెగ్లూర్ భాయ్ చివర చెప్పిన మాట నిజం. అందుకే విభజన వద్దంటున్నాను. తలాక్ గురించి నేను నోరు తెరిస్తే మావాళ్లలో కొందరు ‘నువ్వు అసలు ముస్లింవేనా’ అంటారు. బయటివాళ్లలో కొందరు ‘చూడండి, వాళ్ల మనిషే చెబుతోంది’ అని నా మాటను జెండాలా పట్టుకుంటారు. నేను చెప్పిన విషయం మాత్రం ఎవరికీ పట్టదు. మీ నాలుగు భాగాలూ చేసేది ఇదే పని.

ఇంకా ముఖ్యమైనది: తాను మతం వదిలానని ఒక మనిషి స్వయంగా చెప్పకపోతే, ఆ ముద్ర వేసే హక్కు మనకు లేదు. దాని వల్ల ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. ఇందులో రాజీ వద్దు.

ధర్మాబాద్ పాఠకుడు:
మేడమ్ చెప్పిందానికి ఒక ఉదాహరణ కలుపుతాను. 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన షాయరా బానో కేసులో ఐదుగురు న్యాయమూర్తులూ ఐదు మతాలవారు. 3-2తో తక్షణ తలాక్ చెల్లదన్నారు. చెల్లదన్నవారు కురియన్ జోసెఫ్, నారిమన్, లలిత్: క్రైస్తవుడు, పార్సీ, హిందువు. ఖేహర్, అబ్దుల్ నజీర్ విభేదించారు. ఖేహర్ సిక్కు. మతం చూసి తీర్పు చెప్పేద్దామనుకున్నవాళ్లు ఖేహర్ దగ్గర ఆగిపోతారు. ఇక కురియన్ జోసెఫ్ తన వాదం కట్టింది ఖురాన్ వచనాల మీదే. ఆయన్ని ‘క్రైస్తవ విమర్శకులు’ కింద రాస్తే అది అబద్ధంతో సమానం. కేసు వేసింది ముస్లిం స్త్రీ అన్న సంగతి కూడా ఎక్కడో అడుగున పడిపోతుంది.

నేను అడిగేది ఇంతే. భాగాలు విమర్శ విషయాన్ని బట్టి చేద్దాం: వివాహ చట్టాలు, స్త్రీల స్థితి, గ్రంథ ప్రామాణ్యం, రాజకీయాలు. రచయిత తన వాదానికి మతాన్ని ఆధారం చేసుకుంటే ఆ సంగతి పరిచయంలో రాద్దాం. రజాకార్ల రోజులు ఇళ్లలో ఇంకా చెప్పుకునే ఊళ్లు మనవి. ఇక్కడ పుస్తకం తెరవగానే మతాల పేర్లు కనిపిస్తే, చదివేవాడు విషయం చూడకముందే తన పక్షం వెతుక్కుంటాడు.

దెగ్లూర్ నుంచి:
విషయాన్ని బట్టి భాగాలకు ఒప్పుకుంటాను. ఒక షరతు. రచయిత ఏ కొలబద్దతో కొలిచాడో పరిచయం మొదటి వాక్యంలోనే ఉండాలి, మూడో పేజీలో కాదు. దయానందకు వేదం, దల్వాయికి పౌరుల సమాన హక్కులు, అలాగ. దీన్ని దాస్తే నేను సంతకం పెట్టను.

నాందేడ్ టీచర్:
అది సరే. కొలబద్ద రాయండి, జన్మ రాయకండి. ఖేహర్ సిక్కు అన్న మాట కూడా ఆయన పరిచయంలో అక్కర్లేదు, ఆయన వాదానికి దానితో పనిలేదు కాబట్టి.

దెగ్లూర్ నుంచి:
జన్మ పూర్తిగా తీసేయడానికి నేనింకా ఒప్పుకోలేదు మేడమ్. దల్వాయికి అది తీసేస్తే ఆయన చేసిన సాహసం ఎవరికి తెలుస్తుంది? ముందు ఆయన పరిచయం రెండు పేజీలు మీరు రాసి పెట్టండి, వాటి మీదే మాట్లాడుకుందాం.