తమ్ముడి ర్యాంకు ఏడొందల దగ్గరే ఆగిపోయింది, ఇంకా ఆడించాలా?

ఆటగాడి_అక్క:

మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. టెన్నిస్‌లో సింగిల్స్ ఆడతాడు. చాలాకాలంగా ప్రపంచ ర్యాంకు ఏడొందలకీ ఎనిమిదొందలకీ మధ్యే తిరుగుతోంది. ఎక్కువగా ఎం15లు (అంతర్జాతీయ టోర్నీల్లో అన్నిటికన్నా కింది మెట్టు) ఆడతాడు, అప్పుడప్పుడు దాని పై మెట్టు ఎం25. ఒక వారం సెమీస్ దాకా వెళ్తాడు, ఆ తర్వాత వరసగా మొదటి రౌండ్లోనే ఓడిపోతాడు. ఖర్చు నాన్నా నేనూ కలిసి పెట్టుకుంటున్నాం. డబ్బు మాటెత్తితే వాడు మొహం మాడ్చుకుంటాడు, ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు.

వాడు ఎదుగుతున్నాడో లేదో టెన్నిస్ ఆడని మాలాంటివాళ్లు ఏం చూసి తెలుసుకోవాలి? ఇక ఆపు అని చెప్పే హక్కు నాకుందా? ఈ టూర్ ఆడినవాళ్లు, కోచింగ్‌లో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గ్యాలరీ_నుంచి:

తొందరపడకండి అక్కా. మన దేశం ఆటగాడు సుమిత్ నగాల్ సంగతి గుర్తుందా? 2023లో తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని బయటికే చెప్పాడు. 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి క్వాలిఫైయింగ్ (మెయిన్ డ్రాలో చోటు కోసం ముందు ఆడే మ్యాచ్‌లు) ఆడి వచ్చి, మొదటి రౌండ్లో 31వ సీడ్ బబ్లిక్‌ని వరస సెట్లలో ఓడించాడు. తర్వాతి నెలలోనే టాప్ 100లోకి వచ్చేశాడు. బ్రిటన్ ఆటగాడు మార్కస్ విల్లిస్ అయితే 2016లో 772వ ర్యాంకుతో వింబుల్డన్ మెయిన్ డ్రాకి చేరి, రెండో రౌండ్లో సెంటర్ కోర్టు మీద ఫెదరర్‌తో ఆడాడు. ఒక్క టోర్నీ చాలు, జాతకం మారిపోవడానికి.

పాత_ఫ్యూచర్స్:

ఈ ఎం15, ఎం25 టోర్నీలని ఫ్యూచర్స్ అనే రోజుల్లో నేను ఆడాను, ఇప్పుడు కోచింగ్ ఇస్తున్నాను. పైన చెప్పిన ఇద్దరి విషయంలో ఒక మాట. నగాల్ ఆ 900 యూరోల రోజుల్లో కూడా ఛాలెంజర్ (ఎం25ల పై మెట్టు టోర్నీలు) టైటిళ్లు గెలుస్తున్న ఆటగాడు. విల్లిస్ ఆ అద్భుతమైన వారం తర్వాత కూడా సింగిల్స్‌లో టాప్ 300లోకి రాలేదు. ఈ రెండు కథలు చూసి మీ తమ్ముడి విషయం తేల్చుకోవద్దు.

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. ఎం15 అంటే టోర్నీ మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు. అందులో సింగిల్స్ విజేతకి 2,160, మొదటి రౌండ్లో ఓడినవాడికి 156, అదీ పన్ను పట్టుకోకముందు. క్వాలిఫైయింగ్‌లో ఓడితే ఏమీ రాదు. టెన్నిస్‌లో అవినీతి మీద వేసిన స్వతంత్ర కమిటీ 2018లో తేల్చింది కూడా ఇదే: కోచ్ ఖర్చు పక్కన పెట్టినా, పెట్టిన డబ్బు రాబట్టుకోగలిగేది పైనున్న 250 నుంచి 350 మందే. ఏడొందల్లో ఉన్నవాడికి చేతి డబ్బు పడుతోందంటే అది వాడి చేతకానితనం కాదు, అక్కడ అందరి పరిస్థితీ అంతే.

అసలు గీత 250 దగ్గరుంది. ఆ చుట్టుపక్కలకి వస్తే గ్రాండ్‌స్లామ్ క్వాలిఫైయింగ్‌లో చోటు దొరుకుతుంది. 2024 వింబుల్డన్‌లో క్వాలిఫైయింగ్ మొదటి మ్యాచ్ ఓడినవాడికే 15,000 పౌండ్లు ఇచ్చారు. ఎనిమిది ఎం15 టైటిళ్లు గెలిచినా అంత రాదు. పురుషుల టెన్నిస్ టూర్ నడిపే ఏటీపీ కూడా 2024లో ఒక పథకం పెట్టి, 176 నుంచి 250 ర్యాంకుల వాళ్లకి ఏడాదికి 75,000 డాలర్ల కనీస ఆదాయం హామీ ఇచ్చింది. అందుకే మీరు ఆలోచించాల్సింది ఈ ఏడాది ఎంత పోయిందని కాదు, వీడి ఆట ఆ గీత వైపు నడుస్తోందా అని.

అది ర్యాంకులో కనిపించదు. ఎం15 గెలిస్తే 15 పాయింట్లు, ఫైనల్లో ఓడితే 8, సెమీస్‌లో 4. మంచి వారం ఒక్కటి తగిలితే ర్యాంకు ఎగబాకుతుంది, 52 వారాలు తిరిగేసరికి ఆ పాయింట్లు రాలిపోతాయి. ఆట అంగుళం మారకపోయినా ర్యాంకు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. వాడి మ్యాచ్‌ల జాబితా తెరిచి, మూడొందల నుంచి నాలుగొందల యాభై ర్యాంకు వాళ్లతో ఆడినవి వెతకండి. అక్కడ 6-2, 6-2 అని ఓడుతున్నాడా, 7-5 మూడో సెట్ దాకా లాగుతున్నాడా? నిరుటికీ ఇప్పటికీ తేడా ఉందా?

ఇంకొకటి, రెండో సర్వ్. ఈ స్థాయిలో మొదటి సర్వ్ అందరికీ బాగానే ఉంటుంది. స్కోరు 30-40లో, అంటే ఇంకో పాయింట్ పోతే గేమే పోయే చోట ఉన్నప్పుడు మొదటిది నెట్‌కి తగిలిందనుకోండి. ఎదుటివాడు రెండడుగులు ముందుకొచ్చి, బేస్‌లైన్ లోపలికి వచ్చి నిలబడతాడు. అప్పుడు మీవాడు బంతిని నెమ్మదిగా బాక్సులో పడేస్తున్నాడా, తిప్పి గట్టిగా కొట్టగలుగుతున్నాడా? నేను చూసినవాళ్లలో అయిదొందల దగ్గర ఆగిపోయినవాళ్లంతా దాదాపు ఇక్కడే ఆగారు. మ్యాచ్ వీడియో ఒకటి పెట్టుకుని ఇది గమనిస్తే చాలు, టెన్నిస్ రాకపోయినా తెలిసిపోతుంది.

షెడ్యూలు కూడా అడగండి. ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంతాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్ లాంటి చోట్ల దాదాపు వారం వారం ఎం15లు జరుగుతుంటాయి. ప్రయాణం ఖర్చు కలిసొస్తుందని కుర్రాళ్లు నెలల తరబడి అక్కడే ఉండిపోతారు. మంగళవారం ఓడితే మళ్లీ సోమవారం దాకా చేసేదేమీ ఉండదు. బాల్ బాయ్స్ ఉండరు, 5-5 దగ్గర కూడా కంచె దాకా నడిచి బంతి మనమే తెచ్చుకోవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి 200 మీటర్ల స్ట్రింగ్ రీల్ కొనుక్కుంటే పదహారు రాకెట్లకి వస్తుంది, ఎవరి రాకెట్ వాళ్లే బిగించుకుంటారు. కష్టం నాకు అభ్యంతరం కాదు. పాయింట్ల కోసం అవే ముఖాలతో ఆడుతూ ఉంటే ఆట బాగుచేసుకునే వారాలే మిగలవు, నా బాధ అది. సంవత్సరంలో కొన్ని వారాలు ఏ టోర్నీకీ పేరివ్వకుండా, కోచ్ దగ్గరుండి ఒకే లోపం మీద పనిచేయాలి. జర్మనీ, ఫ్రాన్స్‌లలో క్లబ్ లీగ్ మ్యాచ్‌లు ఆడితే చేతికి కాస్త డబ్బూ వస్తుంది, ఈ ర్యాంకుల వాళ్లు చాలామంది వాటి మీదే నెట్టుకొస్తున్నారు.

హక్కు గురించి అడిగారు. ఆపు అనేది వాడి నిర్ణయమే. మేం ఇంతకాలం, ఇంతవరకే పెట్టగలం అని చెప్పే హక్కు మాత్రం పూర్తిగా మీది. అది కోపంలో కాకుండా తేదీతో సహా చెప్పండి.

డబ్ల్యూ35_అమ్మ:

మా అమ్మాయి ఈ టూర్లోనే ఉంది. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది అమ్మా. ఇంత చిన్న మ్యాచ్‌ల మీద కూడా పందేలు కాస్తారు. ఓడిన రాత్రి పిల్ల ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చదివితే కడుపు రగిలిపోతుంది, గెలిచినా తిట్టేవాళ్లుంటారు. ఒక్క సెట్ వదిలేస్తే డబ్బిస్తామని అడిగేవాళ్లూ తగులుతారు. అలాంటిది వస్తే కాదని ఊరుకుంటే సరిపోదు, టెన్నిస్‌లో అవినీతిని అరికట్టే ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీకి వెంటనే చెప్పాలి. చెప్పకపోవడం కూడా నేరమే, నిషేధం పడుతుంది. మీ తమ్ముడికి ఇది తెలుసో లేదో ఒక్కసారి కనుక్కోండి.

ఆటగాడి_అక్క:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి వాడితో కూర్చుని జాబితా తీశాం. నాలుగొందల లోపు వాళ్లతో నిరుడు ఒక్క సెట్ కూడా గెలవలేదు. ఈ ఏడాది రెండు మ్యాచ్‌లు మూడో సెట్ టైబ్రేక్ దాకా వెళ్లాయి, ఒకటి గెలిచాడు. రెండో సర్వ్ మాట నేను ఎత్తకముందే వాడే ఎత్తాడు. మెసేజ్‌లు వస్తున్నాయట, మాకు చెప్పలేదంతే. వచ్చే సీజన్ ఆఖరి దాకా పెడతామని నాన్న వాడికి చెప్పారు. ముందు ఎం25లు ఆడాలా, సర్వ్ మీద పనిచేయాలా?

పాత_ఫ్యూచర్స్:

ముందు సర్వ్. కొత్త సర్వ్‌తో మొదటి రెండు మూడు టోర్నీల్లో డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) పెరుగుతాయి, అప్పుడు కంగారుపడి పాతదానికి వెళ్లిపోకూడదని కోచ్‌తో ముందే మాట్లాడుకోండి. ఆ తర్వాత ఎం25లకే పేరివ్వమనండి, క్వాలిఫైయింగ్ ఆడాల్సి వచ్చినా సరే. ఆ గెలిచిన మ్యాచ్ వీడియో ఉంటే నాకు పంపండి, చూసి చెప్తాను.